పాలపుంతకు బహువచనం ఉందా?

అడిగినవారు:
అందరికీ నమస్కారం. బడిపిల్లల కోసం ఖగోళం మీద ఒక చిన్న పుస్తకం అనువదిస్తున్నాను. ఒకచోట "విశ్వంలో కోటానుకోట్ల పాలపుంతలు ఉన్నాయి" అని రాశాను. ప్రూఫులు చూసిన పెద్దాయన 'పాలపుంతలు' కొట్టేసి పక్కన 'నక్షత్రవీథులు' అని రాశారు. ఎందుకండీ అంటే "పాలపుంత ఒక్కటేనమ్మా" అన్నారు. పత్రికల్లో 'ఆండ్రోమెడా పాలపుంత', 'దూరపు పాలపుంతలు' అని చూస్తూనే ఉన్నాం కదా, మరి ఏది సరైనది? ఇంకో సందేహం కూడా. మా నల్గొండలో పుంత అన్న మాట నేనెప్పుడూ వినలేదు. అసలు పుంత అంటే ఏంటి?

ఒక జవాబు:
పుంత అంటే దారి. 'కొత్త పుంతలు తొక్కింది' అంటాం కదా, ఆ పుంతే. గుంటూరు వైపు మేం డొంక అంటాం, మీ వైపు బండ్ల బాట అంటారనుకుంటా. పెద్దాయన చెప్పిందే సరి. నక్షత్రవీథి అంటే గెలాక్సీ, మన సూర్యుడున్న నక్షత్రవీథి పేరు పాలపుంత. నదులెన్నో ఉంటాయి గానీ గోదావరి ఒక్కటే కదా. అన్నట్టు మన పాత కవులకు ఆకాశంలో ఉన్నది పాలూ కాదు, దారీ కాదు. ఏరు. ఆకాశగంగ, మిన్నేరు, వేల్పుటేరు అన్నీ ఆ పేర్లే.

మరో జవాబు:
మాది పశ్చిమ గోదావరి. పుంతలో నడిచి బడికెళ్ళినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పుంత అంటే ఉత్త దారి కాదండీ. ఊళ్ళోంచి పొలాల్లోకి బండ్లు వెళ్ళే మట్టిదారి. అటూ ఇటూ గట్లు, వాటి మీద తుమ్మ, తాడి, జిల్లేడు. నేల మీద చక్రాలు కోసిన రెండు గాడులు, వాటి నడుమ గడ్డి మొలిచిన మిట్ట. ('గాడి తప్పడం' అనే మాట ఈ గాడి నుంచి వచ్చిందే.)

చిన్నప్పుడు దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్‌లో కళ్ళం దగ్గర ధాన్యానికి కాపలాగా మా తాతతో పాటు నేనూ పడుకునేవాణ్ణి. ఒకసారి తెల్లవారుజామున మూడింటికి లేపి ఆకాశం చూపించాడు. దక్షిణాన వృశ్చికం, దాని తోక మీదుగా ఈశాన్యం దాకా తెల్లటి చార. "అదే పాలపుంత" అన్నాడు. ఆ చార శ్రవణా నక్షత్రం దగ్గరికి వచ్చేసరికి రెండుగా చీలి ఉంది, మధ్యలో నలుపు. "మన పుంత లాగే ఉంది చూడు, రెండు గాడులు, మధ్యలో మిట్ట" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ నలుపు ఖాళీ కాదని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అది ధూళి. అవతలి నక్షత్రాల వెలుగును మన దాకా రానివ్వని ధూళి మేఘాలు. ఆ చార అంతా లెక్కలేనన్ని నక్షత్రాలేనని గెలీలియో 1610లోనే దూరదర్శినితో చూసి ప్రకటించాడు. 1785లో విలియం హెర్షెల్ ఒక్కో దిక్కున ఎన్ని నక్షత్రాలున్నాయో లెక్కపెట్టి పటం గీశాడు. అందులో సూర్యుడు దాదాపు నడిమధ్యన ఉన్నాడు. పొగమంచు దిగిన పుంతలో నిలబడితే ఎటు చూసినా నాలుగు బారలే కనిపిస్తుంది, నడుమ ఉన్నది మనమేననిపిస్తుంది. హెర్షెల్‌కు జరిగింది అదే. ఆయన ధూళి అడ్డం గురించి తెలియని కాలంవాడు. 1918లో హార్లో షాప్లీ, గోళాకార నక్షత్ర గుచ్ఛాలు (బంతిలా గుమిగూడిన నక్షత్రాల గుంపులు) ధనూరాశి వైపే గుమిగూడి ఉండడం గమనించి కేంద్రం అటుందని, మనం ఓ పక్కన ఉన్నామని తేల్చాడు. ఇప్పటి లెక్కలో కేంద్రం నుంచి మన దాకా సుమారు 26 వేల కాంతి సంవత్సరాలు (కాంతి ఏడాదిలో వెళ్ళే దూరం ఒక కాంతి సంవత్సరం).

ఇక మీ బహువచనం. మనల్ని నడుమ నుంచి పక్కకు జరిపిన ఆ షాప్లీయే, విశ్వమంటే ఈ పాలపుంత ఒక్కటే అని నమ్మాడు. ఆకాశంలో సుడులు తిరిగినట్టు కనిపించే మబ్బుమచ్చలు కూడా దీనికి చెందినవే అనేవాడు. కాదు, అవి వేరే నక్షత్ర సమూహాలని హీబర్ కర్టిస్ వాదం. 1920 ఏప్రిల్ 26న వాషింగ్టన్‌లో ఇద్దరూ ఒకే వేదిక మీద మాట్లాడారు గానీ తేలలేదు. 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్ వేధశాలలోని 100 అంగుళాల దూరదర్శినితో, ఆ మబ్బుమచ్చల్లో ఒకటైన ఆండ్రోమెడాను ఫొటో తీశాడు. గాజు పలక మీద ఒక చుక్క పక్కన, నోవా (ఉన్నట్టుండి భగ్గుమనే నక్షత్రం) అనుకుని 'ఎన్' అక్షరం రాసుకున్నాడు. పాత పలకలతో పోల్చి చూశాక ఆ ఎన్‌ను కొట్టేసి 'వేర్!' అని రాశాడు. ఇంగ్లీషు 'వేరియబుల్'కు పొట్టి రూపం, వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉండే నక్షత్రం అన్నమాట. అలాంటి నక్షత్రాల్లో ఒక రకానికి, ఆ హెచ్చుతగ్గులకు పట్టే కాలాన్ని బట్టి అసలు కాంతి ఎంతో చెప్పవచ్చని హెన్రియెట్టా లెవిట్ 1912లో చూపించింది. అసలు కాంతి తెలిస్తే దూరం కట్టొచ్చు. హబుల్ కట్టిన లెక్కకు సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు వచ్చింది. ఇవాళ్టి లెక్క 25 లక్షలు. ఎలా చూసినా పాలపుంత పొలిమేర దాటి చాలా దూరం.

అంటే అంతకుముందు 'పాలపుంతలు' అనాల్సిన పని ఉందో లేదో తేలలేదు. ఒక కొట్టివేతతో ఆ అవసరం ఖాయమైంది. ఇప్పుడు మీ ప్రూఫులో ఇంకో కొట్టివేత!

పేరు విషయంలో ఆ శాస్త్రవేత్తల మధ్యా పేచీ వచ్చింది. హబుల్ వాటిని 'మన గెలాక్సీకి బయటి నీహారికలు' (నీహారిక అంటే మబ్బుమచ్చే) అంటూ వచ్చాడు. వాదంలో ఓడిన షాప్లీ మాత్రం అన్నిటినీ గెలాక్సీలనే పిలుద్దామన్నాడు. ఆ మాటే నిలిచింది. గెలాక్సీలో ఉన్నది గ్రీకు 'పాలు'. అంటే వాళ్ళు పాల పేరుకే బహువచనం చేసుకున్నారు. కాబట్టి 'పాలపుంతలు' అని రాసిన పత్రికలవాళ్ళు తప్పు చేశారని నేననను.

అయినా నా ఓటు పెద్దాయనకే. పుంత అనేది లోపల నిలబడ్డవాడికి కనిపించే ఆకారం. మనం ఆ పళ్ళెం లాంటి సమూహం లోపలే ఉండి అంచు వైపు చూస్తున్నాం కాబట్టి అది చారలా కనిపిస్తోంది. ఆండ్రోమెడా మనకు మసక మచ్చ, అంతే. దాన్ని ఏ రాత్రీ ఎవరూ ఇక్కడి నుంచి దారిలా చూడలేదు. అక్కడ చూసే కళ్ళంటూ ఉంటే, వాళ్ళది వాళ్ళకు పుంత, మనది మచ్చ. అందుకని పాలపుంత అన్న పేరు మనం ఉంటున్నదానికే ఉంచి, మిగతావాటికి నక్షత్రవీథులు అంటే, మనం లోపల ఉన్నామన్న సంగతి ఆ పేరే చెబుతుంది.

హైదరాబాద్ నుంచి ఒకరు:
బాగా చెప్పారన్నా. మా బస్తీలో ఉర్దూ మాట్లాడేవాళ్ళు దీన్ని కహకషాఁ అంటారు. ఫారసీలో 'కాహ్' అంటే ఎండుగడ్డి, 'కషాఁ' అంటే ఈడ్చుకుపోవడం. గడ్డి ఈడ్చుకుపోయిన జాడ అన్నమాట.

మరో జవాబు రాసినవారు:
అయ్యో, ఎంత మంచి మాట! గడ్డి బండి వెళ్ళాక మా పుంత అచ్చం అలాగే ఉండేది. అటూ ఇటూ తుమ్మకొమ్మలకు పోచలు వేలాడుతూ, వెన్నెల్లో తెల్లగా.

ఇంకొకరు:
పాలపుంత కేంద్రం మూలా నక్షత్రం దగ్గర్లోనే ఉంది కదా. మన పూర్వులకు అది తెలిసే 'మూల' అని పేరు పెట్టారట. పుస్తకంలో ఇది కూడా చేర్చండి మేడమ్.

మరో జవాబు రాసినవారు:
దిక్కు ఇంచుమించు అదేనండీ, కాదనను. కానీ ఆ కేంద్రం ధూళి మాటున ఉంది, మామూలు కంటికి కనబడదు. అక్కడున్న, సూర్యుడికి 40 లక్షల రెట్ల బరువైన కృష్ణబిలం బొమ్మను 2022 మేలో విడుదల చేశారు. అదీ రేడియో తరంగాలతో తీసిందే. పేరు కలిసింది కదా అని పిల్లలకు దాన్ని నిజంగా చెప్పొద్దు. ఆ నక్షత్రాలను గుర్తుపట్టి, చంద్రుడి నడకను వాటితో కొలిచారు, వాళ్ళ ఘనతకు అది చాలు.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను: "మన సూర్యుడు పాలపుంతలో ఉన్నాడు. నడుమ కాదు, ఓ పక్కన. ఇలాంటి నక్షత్రవీథులు విశ్వంలో కోటానుకోట్లు." తాతగారి రెండు గాడుల మాట కూడా పెట్టుకుంటాను, మీరు సరేనంటే. పక్కన పుంత బొమ్మ వేయిద్దామనుకుంటున్నా.

మరో జవాబు రాసినవారు:
తప్పకుండా పెట్టుకోండమ్మా. బొమ్మలో మధ్య మిట్ట మాత్రం మరిచిపోవద్దని చెప్పండి. దాని మీద గడ్డి ఉండాలి.