ఉత్తుత్తి ఎల్‌ఈడీకి కెర్నల్ డ్రైవర్ అవసరమా?

మారతహళ్ళి వాసి: మా టీమ్‌లో ఇదే వాదన నడుస్తోంది. 2017లో వచ్చిన లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) 4.10 నుంచి యూలెడ్స్ అనే డ్రైవర్ ఉంది. మన ప్రోగ్రామ్ /డెవ్/యూలెడ్స్ తెరిచి ఒక పేరు, గరిష్ఠ వెలుగు రాస్తే చాలు, బోర్డు మీద ఏమీ లేకపోయినా /సిస్/క్లాస్/లెడ్స్ అనే ఎల్‌ఈడీల జాబితా కింద ఎల్‌ఈడీ వచ్చేస్తుంది. టెస్టింగ్‌కి వాడదామని నేను, అనవసరమని మా సీనియర్. మీరేమంటారు?

ఎస్పీ రోడ్ అభిమాని: నాదీ మీ సీనియర్ మాటే. బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో ఎల్‌ఈడీ, రెసిస్టర్ కొని బోర్డు మీది జీపీఐఓ పిన్నుకి తగిలిస్తే కంటికే కనిపిస్తుంది. స్క్రీన్ మీద చూపించాలంటే రెండు ప్రోగ్రాములు సాకెట్‌తో (ప్రోగ్రాముల మధ్య డేటా నడిచే దారి) మాట్లాడుకోవచ్చు. మధ్యలోకి కెర్నల్‌ని లాగడం ఎందుకు? పైగా ఆ /డెవ్/యూలెడ్స్ ఫైలు మామూలుగా రూట్‌కే, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌కే తెరుచుకుంటుంది.

కెర్నల్ విద్యార్థి: సాకెట్ మాట ఒప్పుకోను అన్నా. హార్ట్‌బీట్, టైమర్, నెట్‌డెవ్ లాంటి ట్రిగ్గర్లు (లైటు ఎప్పుడు వెలగాలో నడిపేవి) ఉండేది కెర్నల్‌లో. నెట్‌వర్క్ పోర్టులో డేటా కదిలితే నెట్‌డెవ్ వల్ల లైటు మిణుకుతోందా అని చూడాలంటే ట్రిగ్గర్‌ని ఎల్‌ఈడీ క్లాస్ పరికరానికే తగిలించాలి, సాకెట్‌కి తగిలించలేం. రాత్రిపూట మన టెస్టులు నడిచేది వర్చువల్ మెషీన్లలో, అక్కడ జీపీఐఓ ఎక్కడిది? బోర్డు ఉన్నా లైటు చూస్తూ కూర్చునే మనిషి కావాలి. యూలెడ్స్‌తో అయితే టెస్ట్ ప్రోగ్రామ్ రీడ్ దగ్గర ఆగి ఉంటుంది, వెలుగు మారగానే కొత్త విలువ అందుతుంది. ఫైలు మూస్తే ఎల్‌ఈడీ పోతుంది, ప్రోగ్రామ్ క్రాష్ అయినా అంతే. నాకు అన్నిటికంటే నచ్చింది అదే, మళ్ళీ శుభ్రం చేసే పని ఉండదు. రూట్ సంగతంటారా, ఆ ఫైలు అనుమతి మార్చే ఒక యూడెవ్ రూల్ రాస్తే సరి.

ఎస్పీ రోడ్ అభిమాని: ట్రిగ్గర్ల విషయం సరే తమ్ముడూ. కానీ ఆ డ్రైవర్ తాజా విలువ ఒక్కటే ఉంచుకుంటుంది, క్యూ లేదు. చదివేలోపు లైటు వెలిగి ఆరిపోతే, వెలిగిందన్న సంగతే తెలియదు. టైమింగ్ విషయంలో దాన్ని ఎలా నమ్ముతావు?

కెర్నల్ విద్యార్థి: టైమింగ్‌కి ఆసిలోస్కోప్ (సిగ్నల్ కొలిచే పరికరం) పెట్టండి, అడ్డు చెప్పను. ట్రిగ్గర్ తగులుకుందా, లైటు అసలు కదిలిందా అన్నది మాత్రం ప్రతి బిల్డ్‌కీ మనిషి లేకుండా తేలాలి.

మారతహళ్ళి వాసి: మాది నెట్‌డెవ్ ట్రిగ్గరే. అయితే యూలెడ్స్‌ని టెస్ట్ కెర్నల్‌లో మాత్రం ఆన్ చేస్తాం, కస్టమర్ బిల్డ్‌లో పెట్టం.

ఎస్పీ రోడ్ అభిమాని: అలాగైతే నాకు అభ్యంతరం లేదు. కెర్నల్ సోర్సులో టూల్స్ కింద యూలెడ్‌మాన్ అనే యూలెడ్స్ నమూనా ప్రోగ్రామ్ ఉంది, ముందు దాన్ని నడిపి చూడండి. రిలీజ్‌కి ముందు మాత్రం ఒక్కసారైనా అసలు బోర్డు మీద చూడాల్సిందే, ఆ మాట నేను వదలను.