టెర్మినేటర్ 2 మొదటి సినిమా స్థాయిని అందుకుందా?

రాత్రిషో:
టెర్మినేటర్ 2 మాట ఎక్కడ వచ్చినా "మొదటి భాగాన్ని మించిపోయిన సీక్వెల్" అనే అంటారు అందరూ. నాకూ ఆ సినిమా ఇష్టమే, టీవీలో మధ్యలో కనపడినా చివరిదాకా చూస్తాను. కానీ 1984లో వచ్చిన మొదటి సినిమాని మించింది అంటే మాత్రం ఒప్పుకోను. అసలు అందుకుందా అన్నదే నా ప్రశ్న.

మొదటిది భయం మీద నడిచే సినిమా. లాస్ ఏంజెలెస్‌లో వెయిట్రెస్‌గా పనిచేసుకునే మామూలు అమ్మాయి సారా కానర్. ఫోన్ డైరెక్టరీలో తన పేరే ఉన్న ఆడవాళ్లని ఎవడో వరసగా చంపుకుంటూ వస్తున్నాడు. వాడికి కోపం లేదు, పగ లేదు, మాట్లాడి ఒప్పించే వీలు లేదు, ఎందుకు చంపాలనుకుంటున్నాడో కూడా ఆమెకి తెలీదు. అసలు వాడు మనిషే కాదు, భవిష్యత్తు నుంచి వచ్చిన మెషీన్, ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ చేసిన పాత్ర. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ప్రాణానికి భయం ఉండదని మనం అనుకుంటాం కదా, సరిగ్గా ఆ స్టేషన్‌లోకే కారుతో గుద్దుకుంటూ వచ్చి, గది తర్వాత గది తిరుగుతూ కాల్చేస్తాడు. ఆ సీను అయ్యాక ఇంక ఈ ఊళ్లో ఆమెని కాపాడేవాళ్లు ఎవరూ లేరని మనకి అర్థమైపోతుంది. బ్రాడ్ ఫీడెల్ సంగీతం, ఆ ఇనుము మీద సుత్తితో కొట్టినట్టుండే దరువు, దాదాపు సినిమా అంతా రాత్రి వీధులే. 64 లక్షల డాలర్లతో తీశారు దాన్ని.

1991లో రెండోది దాదాపు 10 కోట్ల డాలర్ల బడ్జెట్‌తో వచ్చింది. అందులో అలాంటి మెషీనే, సారా కొడుకు జాన్ అనే పదేళ్ల పిల్లాడు వద్దంటే చంపడం మానేసి మనుషుల్ని మోకాళ్ల మీద కాలుస్తుంది. ఎవరిని చూసి వణికామో ఆయన్నే తెచ్చి కాపలా పెట్టారు. యాక్షన్ పెరిగింది, ప్రేమ పెరిగింది, కన్నీళ్లు కూడా వచ్చాయి, భయం మాత్రం పోయింది. నా లెక్కలో అది చాలా పెద్ద నష్టం.

కత్తెరసీను:
బాస్, రెండో సినిమాలో జాన్‌ని చంపడానికి వచ్చే, కరిగి ఆకారం మార్చుకునే మెషీన్ టీ-1000 భయపెట్టలేదా మిమ్మల్ని? ఆ పాత్ర చేసిన రాబర్ట్ పాట్రిక్ పరిగెత్తుకుంటూ బైక్ వెనకాల వచ్చే సీను ఇంకోసారి చూడండి. నోరు మూసుకుని, ముక్కుతోనే ఊపిరి తీసుకుంటూ పరిగెత్తడం ప్రత్యేకంగా ప్రాక్టీస్ చేశాడు ఆయన, ఎంత దూరం పరిగెత్తినా ఆయాసం కనపడకూడదని. ఆర్నాల్డ్‌ని చూస్తే దూరం నుంచే ప్రమాదం అని తెలుస్తుంది. వీడు పోలీసు డ్రెస్సులో, మర్యాదగా, ఇంటి గుమ్మం దగ్గరకొచ్చి పిల్లాడి ఫొటో అడిగి తీసుకుంటాడు. నాకు ఇదే ఎక్కువ భయం.

మల్లెతీగ:
రాత్రిషో గారూ, భయం పోయింది అన్నారు. పోలేదండి, మనిషి మారింది. మొదటి సినిమాలో మనం మెషీన్‌ని చూసి భయపడ్డాం, రెండోదాంట్లో సారాని చూసి భయపడతాం.

ఒకసారి ఆలోచించండి. మొదటి సినిమా చివర ఆమెకి అన్నీ తెలిసిపోయాయి, లోకం ఎప్పుడు కాలిపోతుందో, తన కడుపులో ఉన్న బిడ్డ ఎవరో. అంత తెలిసిన మనిషి తర్వాత పదేళ్లు ఎలా బతికి ఉంటుంది? మామూలు సీక్వెల్ అయితే ఆమెని మళ్లీ పరిగెత్తించి, ఇంకో హీరోని పక్కన పెట్టి కాపాడించేవాళ్లు. దర్శకుడు కామెరాన్ ఆ ప్రశ్నకి నిజాయితీగా జవాబు రాశాడు: ఆమె పిచ్చాసుపత్రిలో ఉంటుంది, మంచాన్ని నిలబెట్టి దాని కాళ్లకి వేలాడుతూ పుల్-అప్స్ తీస్తుంది, ఎవరికి చెప్పినా నమ్మరు, కొడుకు దగ్గర లేడు, వాడు కూడా అమ్మకి మతి పోయిందనే అనుకుంటున్నాడు. సారాగా చేసిన లిండా హామిల్టన్ ఆ పాత్ర కోసం ఒళ్లు ఎలా మార్చుకుందో అందరూ మాట్లాడతారు, నన్నడిగితే ఆ కళ్లు చూడండి. కొడుకు ప్రాణాలకి తెగించి విడిపించడానికి వస్తే కౌగిలించుకుంటుంది అనుకుంటాం, ఆమె చేతులు వాడికి ఎక్కడైనా దెబ్బ తగిలిందేమోనని తడుముతుంటాయి. ఆ తర్వాత ఎందుకొచ్చావని తిడుతుంది. పిల్లాడి మొహం చూడలేం అక్కడ.

ఆ తర్వాత మైల్స్ డైసన్ ఇల్లు. మనుషుల మీద యుద్ధానికి దిగి ఈ మెషీన్లని పంపే కంప్యూటర్ వ్యవస్థ స్కైనెట్ ముందు ముందు తయారు కావడానికి కారణమయ్యే ఇంజనీరు ఆయన, కానీ ఇప్పటికి ఏ పాపమూ ఎరగడు, భార్య ఉంది, చిన్న కొడుకున్నాడు. సారా చీకట్లో నల్ల బట్టలేసుకుని లేజర్ చుక్క ఆయన వీపు మీద పెడుతుంది. ఇంట్లోకి నడుచుకుంటూ వచ్చి కాలుస్తూనే ఉంటుంది, మొహంలో ఏమీ ఉండదు. ఆ నడక ఎవరిది? మొదటి సినిమాలో ఆమెని చంపడానికి వచ్చినవాడిది. జరగబోయే దానికోసం ఇప్పుడు ఒక మనిషిని చంపడం, సరిగ్గా స్కైనెట్ ఆమెకి చేసిన పనే కదా. చివరికి ట్రిగ్గర్ నొక్కలేక కుప్పకూలి ఏడుస్తుంది. ఈ సీను పూర్తి బరువు మొదటి సినిమా చూసినవాళ్లకే తెలుస్తుంది. మొదటి సినిమాని ఇంత లోతుగా చదువుకున్న సీక్వెల్ ఇంకోటి చూపించండి.

రాత్రిషో:
మల్లెతీగ గారూ, డైసన్ ఇంటి సీను గురించి మీరన్న ప్రతి మాటా నాకు సమ్మతమే, రెండో సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చే భాగం అదే. కానీ అది ఎంతసేపు? సారా అలా కూలిపోగానే కొడుకు వచ్చి ఓదారుస్తాడు, టెర్మినేటర్ చేతి చర్మం చీల్చి చూపిస్తాడు, డైసన్ నమ్ముతాడు, అందరూ కలిసి ఆయన పనిచేసే సైబర్‌డైన్ కంపెనీ బిల్డింగ్ పేల్చడానికి బయలుదేరతారు. ఆమె ఏ అంచు దాకా వెళ్లిందో దాని గురించి మళ్లీ సినిమా పెద్దగా అడగదు. అక్కడ మినీగన్‌తో పోలీసు కార్లన్నీ తుక్కు చేసి, ఒక్కరు కూడా చావలేదని మెషీన్ లెక్క చూపిస్తే థియేటర్లో చప్పట్లు కొడతారు. నేను స్టేషన్ సీనుతో పోల్చేది దీన్నే. మొదటి సినిమాలో తుపాకి పేలితే మనిషి పోయేవాడు.

టీ-1000 గురించి: పాట్రిక్ అద్భుతం, ఒక్క మాట కూడా కాదనను. కానీ ఆయన వచ్చినప్పుడల్లా పక్కన ఆర్నాల్డ్ ఉంటాడు. మొదటిదాంట్లో సారా పక్కన ఉన్నది ఆమెని కాపాడటానికి భవిష్యత్తు నుంచి వచ్చిన కైల్ రీస్, ఒంటినిండా కాలిన మచ్చలున్న, నిద్ర లేని, వణికే మనిషి. వాడు చచ్చిపోతాడని మనకి ముందే అనిపిస్తుంది, చచ్చిపోతాడు కూడా. మనిషి కాపాడటానికీ మెషీన్ కాపాడటానికీ తేడా అదే.

గ్రాఫిక్స్‌పని:
నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి ఒక మాట. టెర్మినేటర్ 2 అంటే కంప్యూటర్ గ్రాఫిక్స్ అనుకుంటారు చాలామంది. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ కంపెనీ చేసిన కంప్యూటర్ షాట్లు అన్నీ కలిపితే కొద్ది నిమిషాలే ఉంటాయి. బుల్లెట్ తగలగానే టీ-1000 ఒంటి మీద వెండి పువ్వులా విచ్చుకునే గాయాలు స్టాన్ విన్‌స్టన్ బృందం చేత్తో చేసినవి. ఆసుపత్రిలో గార్డు కాఫీ మెషీన్ దగ్గర తన రూపాన్నే ఎదురుగా చూస్తాడు కదా, వాళ్లు నిజంగా కవల అన్నదమ్ములు. చివర ఉక్కు ఫ్యాక్టరీలో ఇద్దరు సారాలు కనపడేచోట లిండా హామిల్టన్ కవల సోదరి నటించింది. హెలికాప్టర్ ఫ్లైఓవర్ కిందనుంచి వెళ్లడం కూడా నిజంగా ఎగరేసిందే. ఏది దేనితో చేస్తే నమ్ముతారో చూసుకుని చేశారు, అందుకే ముప్పై ఏళ్లు దాటినా కంటికి ఎక్కడా తేడా కనపడదు.

మొదటి సినిమా చివర్లో ఇనుప అస్థిపంజరం స్టాప్ మోషన్‌లో (బొమ్మని కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో ఫ్రేమూ తీసే పద్ధతి) కుంటుకుంటూ వచ్చేది మాత్రం ఇప్పుడు చూస్తే బొమ్మ అని తెలిసిపోతుంది. ఇంకో సంగతి, కరిగి ఆకారం మార్చుకునే టెర్మినేటర్ ఆలోచన కామెరాన్‌కి మొదటి సినిమా నాటికే ఉంది. అప్పటి టెక్నాలజీతో కుదరక పక్కన పెట్టాడు. అంటే డబ్బు కోసం తర్వాత అతికించిన ఆలోచన కాదు.

రాత్రిషో:
బొమ్మ అని తెలిసినా ఆ కుంటినడక నాకు ఇప్పటికీ గుండె దడే. నున్నగా నడిస్తే అంత భయం వేసేది కాదు.

కాలచక్రం:
అందరూ భయం, గ్రాఫిక్స్ దగ్గరే ఉన్నారు. అసలు గొడవ కథలో ఉంది.

మొదటి సినిమా కథ ఒక పూర్తి చుట్టు. స్కైనెట్ సారాని చంపడానికి మెషీన్‌ని పంపింది కాబట్టే, భవిష్యత్తులో దానిమీద యుద్ధం నడిపే జాన్ కైల్‌ని పంపాడు, కైల్ వచ్చాడు కాబట్టే జాన్ పుట్టాడు. కైల్ దాచుకున్న సారా ఫొటో మెక్సికోలో పెట్రోల్ బంకు దగ్గర పిల్లాడు తీసిందని చివర్లో చూస్తాం, ఆ ఫొటోలో ఆమె మొహంలో ఉన్న దిగులు అతన్ని తలుచుకుంటున్న దిగులే. ఎవరు ఏం చేసినా జరగాల్సిందే జరుగుతుంది. రెండో సినిమా వచ్చి, 1997 ఆగస్టు 29న జరగాల్సిన ప్రళయాన్ని ఆపొచ్చు అంది. ఆపితే భవిష్యత్తులో యుద్ధం లేదు, యుద్ధం లేకపోతే కైల్ రాడు, కైల్ రాకపోతే జాన్ ఎక్కడినుంచి వచ్చాడు? ఇంకోటి, టైమ్ మెషీన్‌లో బతికున్న చర్మం ఉన్నదే ప్రయాణం చేయగలదని మొదటి సినిమాలో కైలే చెప్పాడు. టీ-1000 అంతా లోహమే, మరి అదెలా వచ్చింది?

మల్లెతీగ:
కాలచక్రం గారూ, లోహం సంగతికి సినిమాలో జవాబు లేదు, ఆ తప్పు దానిదే. కానీ విధిని మార్చొచ్చు అన్న మాట రెండో సినిమా కొత్తగా పుట్టించింది కాదు. మొదటి సినిమాలో జాన్ పంపిన సందేశం కైల్ సారాకి అప్పజెప్తాడు, గుర్తుందా, అందులోనే భవిష్యత్తు ఇంకా ఖాయం కాలేదని ఉంది. పైగా సారా సైబర్‌డైన్‌ని పేల్చేద్దాం అని కైల్‌తో వాదించే సీను మొదటి సినిమాకే తీశారు, ఎడిటింగ్‌లో పోయింది. రెండో సినిమా కథ విత్తనం అక్కడే ఉంది.

రాత్రిషో:
తీసి పక్కన పెట్టారు కదండీ. ఎందుకు పెట్టారు? ఆ సీను లేకుండా సినిమా బలంగా ఉంది కాబట్టి అని నా నమ్మకం. ఉన్న సినిమాలో ఆమె తుపాను వైపు కారు నడుపుకుంటూ వెళ్తుంది, ఆపడానికి కాదు, సిద్ధపడటానికి. కైల్ ఇచ్చిన ప్రేమా, ఆ ఒక్క రాత్రీ, అతని చావూ, అన్నిటికీ విలువ ఆ ప్రళయం తప్పదు అన్నదాంట్లోనే ఉంది. తప్పించుకోవచ్చు అన్న రోజున ఆ త్యాగం బరువు తగ్గుతుంది. నాకు బాధ అక్కడే.

పల్నాటికుర్రోడు:
అన్నా, మా తమ్ముడు రెండూ చూడలేదు. రెండోది థియేటర్లో వచ్చిన 137 నిమిషాలది చూపించాలా, కోసేసిన సీన్లు కలిపిన స్పెషల్ ఎడిషన్ చూపించాలా?

కత్తెరసీను:
ముందు మొదటి సినిమా చూపించు తమ్ముడూ, రెండోది మొదటిసారికి థియేటర్లో వచ్చిందే చాలు. ట్రైలర్ మాత్రం చూపించొద్దు. ఆర్నాల్డ్, పాట్రిక్ ఇద్దరిలో ఎవరు కాపాడటానికి వచ్చారో షాపింగ్ మాల్ కారిడార్ దాకా తెలియకుండా తీశారు ఆ సినిమాని, ట్రైలర్ ఆ గుట్టు ముందే విప్పేసింది.

మల్లెతీగ:
రెండోసారికి స్పెషల్ ఎడిషన్ తప్పకుండా చూపించండి. అందులో టెర్మినేటర్ తల తెరిచి చిప్ బయటికి తీసే సీను ఉంది. సారా సుత్తి ఎత్తుతుంది, ఇప్పుడే పగలగొడితే పీడ వదులుతుందని. జాన్ అడ్డం పడి, రేపు జనాన్ని నడిపించాల్సింది నేనంటావు, నా మాట నువ్వే వినకపోతే ఇంకెవరు వింటారు అన్నట్టు తల్లినే నిలదీస్తాడు. రాత్రిషో గారూ, మీరూ ఆ సీను ఇంకోసారి చూసి చెప్పండి. ఆ సుత్తి ఎత్తిన చెయ్యి చూశాక కూడా, ఈ సినిమాలో భయం లేదంటారా?

రాత్రిషో:
ఆ సీను ఉంచాల్సింది. అది కూడా ఉండి ఉంటే ఇంకొంచెం మీ వైపు వచ్చేవాణ్ణేమో. కైల్ సారాకి కలలో కనపడే సీను కూడా అలాగే కోసేశారు. థియేటర్‌కి పంపిన సినిమాలో సారా వైపు ఉన్న సీన్లు పోయి లారీ ఛేజ్ పూర్తిగా మిగిలింది, నా గొడవంతా ఆ ఎంపిక మీదే.