వెస్ మాంట్‌గొమరీ హాంబర్గ్ సెషన్ (1965): విని నొటేషన్ రాసేవాళ్లకు

ఆరుతీగలు:
1965 ఏప్రిల్ 30న హాంబర్గ్‌లో ఎన్‌డీఆర్ (ఉత్తర జర్మనీ) రేడియో జాజ్ వర్క్‌షాప్‌కి అమెరికా జాజ్ గిటారిస్ట్ వెస్ వాయించిన టేపులు 2021లో సక్రమంగా బయటికొచ్చాయి. పక్కన ఉన్నది ఆయన సొంత క్వార్టెట్ కాదు. హాన్స్ కోలర్, జానీ గ్రిఫిన్, రానీ స్కాట్, రానీ రాస్ కలిపి నాలుగు శాక్సఫోన్లు. పియానో మార్షల్ సొలాల్, బాస్ మిషెల్ గోద్రీ, డ్రమ్స్ రానీ స్టీఫెన్‌సన్. సోలోలు రాయడంలో ఎవరెక్కడ ఆగిపోతున్నారో చెప్పండి.

టేపుచక్రం:
ముందు శ్రుతి చూసుకోండి. వేగం ఒక శాతం పెరిగితే శ్రుతి 17 సెంట్లు (అర స్వరంలో నూరోవంతు ఒక సెంటు) ఎక్కుతుంది. ట్యూనర్‌ని గిటార్ మీద పెట్టి చూడొద్దు, నొక్కినప్పుడు తీగ సాగుతుంది. సొలాల్ పియానో విడిగా వినపడే చోట చూడండి. 'ఏ' (A) స్వరం 442 హెర్ట్జ్ వస్తే కంగారు అక్కర్లేదు, 440తో తేడా 8 సెంట్లే, యూరప్‌లో పియానోని అలా కట్టడం మామూలే. 30, 40 సెంట్లు కనిపిస్తే మాత్రం కాపీనే అనుమానించాలి. పాట మొదట్లో ఒక అంకె, చివర్లో ఇంకో అంకె వస్తే ఒకే శాతంతో సరిచేయలేరు, ముక్కలు చేసి సర్దాల్సిందే.

మంద్రం:
ఇంకో పితలాటకం ఈక్వలైజేషన్, అంటే టేపు చదివేటప్పుడు కింది, పై స్థాయి శబ్దాల మోతాదు సర్దే సెట్టింగ్. ఆ కాలపు యూరప్ రేడియో టేపుని, సెకనుకి 38 సెంటీమీటర్ల వేగంలో, 35 మైక్రోసెకన్ల సెట్టింగ్‌తో చదవాలి. అమెరికా ప్రమాణమైన ఎన్‌ఏబీ 50 మైక్రోసెకన్ల మీద పెడితే పై స్థాయి శబ్దం దాదాపు 3 డీబీ (డెసిబెల్స్) లేస్తుంది, 50 హెర్ట్జ్ దగ్గర 3 డీబీ పడుతుంది. సింబల్ చెవిలో గుచ్చుకుని, బాస్ పలచగా ఉన్న కాపీ దొరికితే మొదట దీన్నే అనుమానించండి. జర్మన్ రేడియో టేపుల్లో అయస్కాంత పూత బయటివైపుకి చుట్టి ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోండి. తెలియక మామూలుగా ఎక్కిస్తే హెడ్‌కి తగిలేది టేపు వీపు, శబ్దం మూసుకుపోయినట్టు వస్తుంది.

తిశ్రగతి:
రాతలో అసలు చిక్కు ఆక్టేవ్‌ల (ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి మీటడం) దగ్గర. వాద్యాలు విడదీసే సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి కింది స్వరాన్ని మింగేసి, పైదొక్కటే చూపిస్తుంది. చెయ్యి ఆకారం తెలిస్తే ఈ మోసం పట్టేయొచ్చు. 6-4, 5-3 తీగల జంటలకి రెండు ఫ్రెట్ల (గిటార్ మెడ మీది మెట్లు) ఎడం, 4-2, 3-1 జంటలకి మూడు. మధ్య తీగని చూపుడువేలి లోపలివైపు కండ ఆనించి మూగబెట్టాలి. బొటనవేలు మూడు తీగల మీదుగా ఒక్క ఊపులో దిగుతుంది కాబట్టి, ప్రతి ఆక్టేవ్ ముందు 'థప్' అని చిన్న చప్పుడు. అది వినపడిందంటే ఒంటి స్వరం కాదు.

గమకప్రియ:
స్పీడు 50 శాతానికి దించితే ఆ చప్పుడే అలికేసినట్టు అవుతుంది. 70 దగ్గర ఆపండి. 'వెస్ట్ కోస్ట్ బ్లూస్'లో లెక్క తప్పేవాళ్లకి: అది బీ ఫ్లాట్‌లో, 3/4లో 24 బార్లు (ఆవర్తాలు). పన్నెండు బార్ల బ్లూస్‌ని రెట్టింపు చేసినట్టు, మనవాళ్ల చెవికి తిశ్రం కాబట్టి పెద్ద కష్టం లేదు. 'ఫోర్ ఆన్ సిక్స్'లో 5 నుంచి 8 బార్లే ప్రాణం: సీ మైనర్-ఎఫ్, బీ ఫ్లాట్ మైనర్-ఈ ఫ్లాట్, ఏ మైనర్-డి, ఈ ఫ్లాట్ మైనర్-ఏ ఫ్లాట్. బార్‌కి రెండు కార్డ్‌లు (స్వరగుచ్ఛాలు). అక్కడ జీ మైనర్ స్కేల్ ఒక్కటే పట్టుకుని రాస్తే సగం స్వరాలు తప్పుగా పడతాయి.

ఆరుతీగలు:
బొటనవేలు అన్నీ కిందికేనా? రిహార్సల్ ఫుటేజీలో ఒక్కోసారి పైకి కూడా పోతున్నట్టుందే.

తిశ్రగతి:
ఒంటి స్వరాలకి దాదాపు అన్నీ కిందికే, గోరు తగలకుండా, వేలి కండతో. పైకి లాగేది ఆక్టేవ్‌లు, కార్డ్‌ల దగ్గర. అందుకే వేగంలో ఎడమచేతి హ్యామరాన్, పులాఫ్‌లు (మీటకుండా వేలితో కొట్టి, లాగి పలికించే స్వరాలు) ఎక్కువ. వాటిని కూడా మీటిన స్వరాలుగా రాసేస్తే ఆ నొటేషన్ చూసి ఎవరూ వాయించలేరు. సాధన చేసేవాళ్లు మూడో తీగకి కూడా చుట్టు ఉన్న ఫ్లాట్‌వౌండ్ (నున్నటి చుట్టు) సెట్ వేసుకోండి, 012 (మొదటి తీగ మందం, అంగుళంలో వెయ్యోవంతుల్లో) చాలు. మామూలు 010 సెట్‌లో మూడో తీగ ఉత్త తీగ, మిగతావాటి మధ్య అదొక్కటే గోలగా పలుకుతుంది.

మంద్రం:
నొటేషన్‌లో గిటార్‌ని అసలు స్థాయికన్నా ఒక ఆక్టేవ్ పైన రాస్తారని మర్చిపోకండి. రాస్ బారిటోన్ శాక్సఫోన్ లైన్‌తో కలిపి రాసినప్పుడు ఇది చూసుకోండి.