చూపులేని విద్యార్థికి మొదటి ప్రోగ్రామింగ్ భాషగా పైథాన్ తగదా?

ప్రశ్న (చిత్తూరు, అధ్యాపకుడు):
మా డిగ్రీ తరగతిలో పూర్తిగా చూపులేని విద్యార్థి ఒకరు చేరారు. పైథాన్‌లో ఏ వాక్యం దేని పరిధిలోకి వస్తుందో వరుస మొదట్లోని ఖాళీలే నిర్ణయిస్తాయి కాబట్టి, విని పనిచేసేవారికి అది కష్టమనీ, సి భాషతో మొదలుపెట్టాలనీ మా విభాగంలో కొందరు అంటున్నారు. పెద్దలు చెప్పగలరు.

జవాబు (తిరుపతి, బైరాగిపట్టెడ):
అధ్యాపకుల వారికి నమస్కారం. నేను పుట్టుకతో చూపులేనివాడిని. జీతం తెచ్చిపెడుతున్నది పైథానే. మీ సహచరుల సందేహం సదుద్దేశంతో వచ్చిందే గానీ, నేరం భాష మీద మోపడం సరికాదు. చూపులేని ఆస్ట్రేలియా వాసి మైఖేల్ కరన్ 2006లో ప్రారంభించిన, తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏలో అధికభాగం పైథాన్‌లోనే రాసి ఉంది. దాని సెట్టింగుల్లో వరుస మొదటి ఖాళీలను, అంటే ఇండెంటేషన్‌ను మాటగానో, స్వరంగానో, రెండు విధాలుగానో వినిపించే సదుపాయం ఉంది. స్వరాన్ని ఎంచుకుంటే ఖాళీలు పెరిగేకొద్దీ శ్రుతి పెరుగుతుంది కనుక, మళ్ళీమళ్ళీ నడిచే వాక్యాల గుంపైన లూప్‌లోంచి బయటపడ్డామని చెవికి వెంటనే తెలుస్తుంది. అయితే ఇక్కడొక మెలిక ఉంది: ట్యాబ్ ఒకటి ఉన్నా, స్పేసులు నాలుగు ఉన్నా స్వరం ఒకటే. ఆ రెండూ కలగాపులగమైతే పైథాన్ ఒప్పుకోదు. ఈ సంగతి తెలియక నేనొక రాత్రంతా పోగొట్టుకున్నాను. కొత్తవారు మాటనూ స్వరాన్నీ కలిపి పెట్టుకోవడం మేలు.

అభ్యంతరం (చిత్తూరు, మరొకరు):
ఒకదానిలో ఒకటిగా నాలుగైదు అంచెలు లోపలికి వెళ్ళాక ఏ స్వరం ఏ అంచెదో ఎవరికి గుర్తుంటుంది? సి భాషలో పరిధిని చూపే కర్లీ బ్రాకెట్‌ను స్క్రీన్ రీడర్ పేరుపెట్టి చదువుతుంది కదా?

జవాబు (బైరాగిపట్టెడ):
చదువుతుంది. కానీ చివర్లో మూసే బ్రాకెట్లు మూడు వరుసగా వినిపిస్తే, ఏది లూప్‌ను మూసిందో, ఏది ఫంక్షన్‌ను మూసిందో చెప్పదు. లోతైన అంచెల విషయంలో మీ మాట నిజమే. అటువంటి కోడ్‌ను విడగొట్టమని చూపున్నవారికీ చెబుతాం. మమ్మల్ని నిజంగా ఆపేవి మౌస్‌తో దిమ్మెలు లాగి పేర్చే బోధన సాధనాలు, పేరు ఇవ్వని బొమ్మ బటన్లు. వాటిని స్క్రీన్ రీడర్ ఉత్త ‘బటన్’ అని చదివి ఊరుకుంటుంది.

ఇక పరీక్ష సంగతి. నేను చదివిన కళాశాల ల్యాబ్‌లో స్క్రీన్ రీడర్ లేదు. ఎన్‌వీడీఏను ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడపవచ్చు, కానీ పెన్‌డ్రైవ్ నిషిద్ధమన్నారు. చివరకు నేను చెబుతుంటే ఒకరు టైపు చేశారు. ఖాళీలు మాత్రం తమకు తోచినట్లు పెట్టారు. కనుక భాష మార్చడానికి ముందు ల్యాబ్ యంత్రంలో ఎన్‌వీడీఏ వేయించండి, పరీక్షలో హెడ్‌ఫోన్‌కు అనుమతి ఇప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి.