12 బోర్ తుపాకీ కుడి గొట్టం పేలట్లేదు: పిన్నా, స్ప్రింగా?

లైసెన్సులో ఎక్కించాక తీసుకున్న పాత జంట గొట్టాల తుపాకీ. ఎడమ గొట్టం బాగుంది. కుడివైపు అయిదు తూటాల్లో రెండు పేలట్లేదు, ప్రైమర్ (తూటా అడుగున, పిన్ కొడితే అంటుకునే మందు బిళ్ళ) మీద నొక్కు పైపైనే పడుతోంది. అవే తూటాలు ఎడమవైపు పేలుతున్నాయి కాబట్టి చెమ్మ కాదు (భోగాపురం ఉప్పుగాలికి ముందొచ్చే అనుమానం అదే). పేలనప్పుడు గొట్టం సురక్షితమైన దిక్కుకే పెట్టి, 30 సెకన్లు ఆగాకే తెరుస్తున్నాను.

పిన్ రంధ్రంలో పాత గ్రీజు గట్టిపడి జిగురులా ఉంది. కిరోసిన్‌తో కడిగి, ఒక్క చుక్క పలచటి నూనె వేస్తే చాలా? ఖాళీ తుపాకీలో రెండు పిన్‌లూ ఎంత ముందుకొస్తున్నాయో పోలిస్తే అరుగుదల తేలుతుందా, లేక స్ప్రింగే చచ్చుబడిందా? స్ప్రింగు ఇంట్లో విప్పను. విజయనగరం, శ్రీకాకుళంలో లైసెన్సున్న రిపేరు షాపుంటే చెప్పండి.