పొట్నూర ‘రవులుకొనియె’నా, ‘రగులుకొనియె’నా?

వడ్డాది మనవరాలు:
రెండు వారాలుగా ఒక పద్యం సగం గుర్తొచ్చి సగం రాక నిద్ర పట్టనివ్వడం లేదు. మా తాతయ్య పొద్దున్నే వేన్నీళ్ల పొయ్యి ముందు కూర్చుని చదివేవారు. నాకు మిగిలింది ఇంతే: “...పొట్నూర రగులుకొనియె, మాడెములు వ్రేల్చె నొడ్డాది మసియొనర్చె...” చివర్లో తోకచిచ్చు అనే మాట. పెద్దన గారిదనీ, కృష్ణరాయల కళింగ దండయాత్ర గురించనీ తెలుసు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నిరుటి నుంచి చారిత్రక నవలల్లో పడ్డాను. ‘గోన గన్నారెడ్డి’తో కాకతీయుల కాలం, అక్కణ్నుంచి వెనక్కి ‘హిమబిందు’తో శాతవాహనులు, మళ్ళీ ఒక్క గెంతున ‘చెంఘిజ్ ఖాన్’తో మంగోలియా, ‘ఏకవీర’తో మధుర. ఊరి పేరు రాగానే పుస్తకం మూసి ఫోన్‌లో మ్యాప్ తెరవడం అలవాటైపోయింది. మధుర వీధులన్నీ తిరిగొచ్చాక, మన అనకాపల్లి, చోడవరం బస్సు వెళ్ళే దారి ఏ కథలోనైనా ఉందా అని వెతుక్కుంటే ఈ పద్యం తగిలింది. ఒడ్డాది అంటే మా వడ్డాదే కదా. పొట్నూరు పద్మనాభం దగ్గరిది. మరి మాడెములు ఏ ఊరు? మాడుగులేనా? ఎవరైనా తేల్చి చెప్పండి.

ఛందోప్రియ:
ముందు పాఠం సరిచేసుకుందాం. “అవుల నా పొట్నూర రవులుకొనియె”. రగులు కాదు, రవులు. సీసపాదం రెండో సగంలో యతి ప్రాసయతిగా, అంటే రెండో అక్షరాలు కలిసేలా, పడింది. ముందు సగం చివరి నకారంతో కలిసి ‘నవుల’, ఇక్కడ ‘రవులు’. రెండో అక్షరం వు, వు. ‘రగులు’ అంటే యతి చచ్చిపోతుంది. సీసం కింద వచ్చే గీతం ఇదీ:

మాడెములు వ్రేల్చె నొడ్డాది మసియొనర్చెఁ
గటకపురిఁ గాల్చె గజరాజు గలఁగి పరవఁ
దోకచిచ్చన నౌర యుద్ధురతఁ గృష్ణ
రాయబాహుప్రతాప జాగ్రన్మహాగ్ని

లాసన్స్‌బే కుర్రాడు:
మాస్టారూ, యతి సంగతి ఒప్పుకుంటాను. కానీ పగలు, పవలు, తగులు, తవులు, అలాగే రగులు, రవులు. మాట ఒకటే. తాతయ్యగారు తన నోటికి అలవాటైన రూపంలో చదువుకున్నారు. దాన్ని తప్పనడం అన్యాయం.

ఛందోప్రియ:
మాట ఒకటే, పద్యం ఒకటి కాదు. పెద్దన దగ్గర రెండు రూపాలూ ఉన్నాయి, వాటిలో ఒకటి ఏరుకున్నాడు. ఆ ఏరుకోవడాన్ని కదా మనం చదువుతున్నది!

కంచరపాలెం పిన్ని:
నాకు యతులు తెలీవు గానీ రవులుకోవడం అంటే ఏమిటో తెలుసు. మా ఇంట్లో పొట్టుపొయ్యి ఉండేది. టింబర్ డిపో నుంచి గోనెసంచిలో రంపంపొట్టు తెచ్చుకునేవాళ్ళం. రేకు పొయ్యి మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి, పప్పుగుత్తి వెనక వైపుతో గట్టిగా కూరి, సీసా మెల్లగా తిప్పుతూ పైకి తియ్యాలి. చెయ్యి వణికితే మొత్తం కూలిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి. కింది కన్నంలో చిన్న పుల్ల వెలిగించి పెడితే మంట కనబడదు. లోపలి గోడ ఎర్రగా అవుతూ అవుతూ, చూస్తుండగా పైదాకా పాకుతుంది. మా అమ్మ దాన్ని “రవులుకుంది, గిన్నె ఎక్కించు” అనేది. భగ్గున లేచే మంటకి ఆ మాట ఎప్పుడూ వాడలేదు. అందుకని నా ఓటు రవులుకే.

రేవు మాస్టారు:
పిన్నిగారూ, ఎంత గొప్ప సంగతి చెప్పారో మీకు తెలియదు! పొట్టు అన్నారు చూడండి, అక్కడ ఆగాను. ఈ సీసం ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను, ఇవాళ దాకా పొట్నూరులో పొట్టు నాకు కనబడలేదు.

సీసం మొదటి నుంచి చూడండి. ఉదయాద్రి (ఉదయగిరి) శిలకి అసిలోహం (కత్తి ఉక్కు) తాకింది, రాయీ ఉక్కూ ఒరుసుకుని నిప్పు పుట్టింది. తర్వాత జమ్మిలోయలో పడింది. జమ్మి కడుపులో అగ్ని ఉంటుందని మనవాళ్ళ నమ్మకం. “కోన బిట్టేర్చె”, కోన అంటే అడవి కూడా. “కొట్టానఁ దగిలె”, ఊరి పేరు కొట్టాం, పశువుల కొట్టాం కూడా. కనకగిరిని కరిగించింది, బంగారం కరుగుతుంది కాబట్టి. “గౌతమిఁ గ్రాఁచె”, నదిని కాచింది, నీళ్ళు కాగుతాయి కాబట్టి. కటకపురి కాలితే గజరాజు బెదిరి పరుగెత్తాడు, నిప్పు చూస్తే ఏనుగు ఆగదు, ఆ ఏనుగు కళింగ రాజు గజపతి ప్రతాపరుద్రుడు. ప్రతి ఊరి పేరులోనూ ఆ నిప్పుకి కావలసినదేదో దాచిపెట్టాడు పెద్దన. ఆ లెక్కన పొట్నూరులో పొట్టు ఉంది. పొట్టు భగ్గుమనదు, రవులుకుంటుంది. మాడెములులో ‘మాడు’ ఎలాగూ వినబడుతోంది.

లాసన్స్‌బే కుర్రాడు:
అద్భుతం సార్. కానీ పొట్నూరులో ‘పొట్’ ఉంది గాని ‘పొట్టు’ లేదు కదా. ‘టు’ ఎక్కడ?

రేవు మాస్టారు:
రాయలవారి దగ్గర ఉంది. ఆముక్తమాల్యదలో చూడు:

అభిరతిఁ గృష్ణరాయఁడు జయాంకములన్ లిఖియించి తాళస
న్నిభముగఁ బొట్టునూరి కడ నిల్పిన కంబము సింహభూధర
ప్రభు తిరునాళ్ళకున్ దిగు సురప్రకరంబు కళింగమేదినీ
విభు నపకీర్తి కజ్జలము వేమఱుఁ బెట్టి పఠించు నిచ్చలున్

పొట్టునూరి. ‘టు’ నిక్షేపంలా ఉంది.

ఛందోప్రియ:
అది రాయల పద్యంలో పొట్టు, పెద్దన పద్యంలో కాదు. పైగా చంపకమాలలో అక్కడ ఒక లఘువు కావాలి, అందుకే ‘టు’ వచ్చిందనే వీలూ ఉంది. ఒక కవి ఇంటి పొట్టు తెచ్చి ఇంకో కవి పొయ్యిలో కూరకూడదు. జమ్మి, కనకగిరి, గౌతమి వరకు మీతో వస్తాను. పొట్టు దగ్గర ఆగిపోతాను.

రేవు మాస్టారు:
ఇద్దరూ ఒకే సభలో కూర్చున్నవాళ్ళు. ఆ ఊరిని అక్కడ ఏమని పిలిచారో ఇద్దరి చెవినా పడే ఉంటుంది.

సింహగిరి మెట్లు:
ఆ చంపకమాల కదిపారు కాబట్టి ఆగలేను. చందనోత్సవం క్యూలో నిలబడ్డప్పుడల్లా నాకు ఆ పద్యమే. అప్పన్న తిరునాళ్ళకి దేవతలు దిగుతారు. వస్తూ దారిలో తాడిచెట్టంత జయస్తంభం చూస్తారు. రాతి మీద చెక్కిన అక్షరాలు సరిగా కనబడకపోతే ఏం చేస్తాం? మసి పూస్తాం, అక్షరాలు పైకి తేలతాయి. ఇక్కడ దేవతలు పూసే మసి గజపతి అపకీర్తి! శాసనం చదివే పనిలోంచి ఒక ఊహ తీసి దాన్ని ఇంత దూరం తీసుకెళ్ళిన కవిని నేను ఇంకొకణ్ని చూడలేదు. 1516 నాటి రాయల శాసనం సింహాచలంలోనే ఉంది, 1519లో మళ్ళీ వచ్చాడు. కొండ మీద శాసనాలు చదువుతున్నవాళ్ళని చూసి రాశాడేమో అనిపిస్తుంది నాకు. చారిత్రక కల్పన అంటే నవలలే అనుకుంటాం గానీ, జరిగిన యుద్ధానికి జరగని తిరునాళ్ళు జోడించిన ఈ నాలుగు పాదాలూ అదే కదా.

వడ్డాది మనవరాలు:
మసి! మా ఊరిదీ మసే కదా. “ఒడ్డాది మసియొనర్చె”. ఒక కవి మా ఊరిని మసి చేశాడు, ఇంకో కవి మసి పూసి స్తంభం చదివించాడు. ఆ కజ్జలం మా ఒడ్డాది నుంచే వెళ్ళిందనుకోవాలని ఉంది. ఛందోప్రియ గారూ, ఒక ఇంటి మసి ఇంకో ఇంటికి తీసుకెళ్ళకూడదంటారని తెలుసు. అయినా ఒక్కసారి అనుకోనివ్వండి.

ఇంకో మాట. మాస్టారి లెక్కలో ప్రతి ఊరికీ ఒక ఇంధనం దొరికింది. ఒడ్డాదిలో ఏం కాలింది? ఆ పేరులో ఏం దాచాడు?

లాసన్స్‌బే కుర్రాడు:
‘ఒడ్డు’ ఉంది. ఒడ్డు కాలదు మరి.

రేవు మాస్టారు:
ఒడ్డాది దగ్గర నాకూ తోచలేదు. అబద్ధం చెప్పను.

బొబ్బిలి వీణ:
ఒక సందేహం. ఊళ్ళ వరస చూశారా? పశ్చిమం నుంచి వచ్చే సైన్యానికి ఒడ్డాది ముందు తగలాలి, పొట్నూరు తర్వాత. పద్యంలో తలకిందులుగా ఉంది. నవల రాసేవాళ్ళయితే ఇలా రాయలేరు, పాఠకుడు మ్యాప్ తెరుస్తాడు. నవలలో సైన్యం నడవాలి, గుర్రాలకి దాణా కావాలి, వాన పడాలి. పద్యంలో నిప్పు దూకితే చాలు. నేను రెండూ ఇష్టపడతాను. ‘రంగారాయ చరిత్రము’ చదివాక బొబ్బిలి కోట దగ్గర నిలబడితే 1757 నాటి కథ ఒకలా ఉంది, బుర్రకథలో విన్నప్పుడు ఇంకోలా ఉంది. ఏది తక్కువని చెప్పలేను.

ఛందోప్రియ:
వరస తలకిందులు కావడానికే ‘తోకచిచ్చు’ అన్నాడు. హనుమంతుడు లంకలో వరసగా ఇళ్ళు కాల్చుకుంటూ పోలేదు. ఈ మేడ మీంచి ఆ మేడ మీదికి దూకాడు. తోకచిచ్చు అంటే అదీ.

సింహగిరి మెట్లు:
హనుమంతుడి పేరు పద్యంలో లేదు. తోకకి నిప్పంటుకున్న ఏ జంతువైనా అటూ ఇటూ పరుగెడుతూ కనబడ్డ గడ్డివామల్లా అంటిస్తుంది. పల్లెల్లో చూసినవాళ్ళకి తెలుసు. ఆ భయం లంకాదహనంలో లేదు.

ఛందోప్రియ:
రాయల ప్రతాపాన్ని పొగిడేటప్పుడు బెదిరిన జంతువుతో పోలుస్తాడా పెద్దన? హనుమంతుడే.

బొబ్బిలి వీణ:
మనవరాలు గారికి ఒక సంగతి. ఇంత కాల్చాక, సంధిలో రాయలు గజపతి కూతుర్ని పెళ్ళాడి, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలంతా తిరిగి ఇచ్చేశాడు. మీ ఒడ్డాది మసి అయ్యీ మళ్ళీ గజపతిదే అయింది. మత్స్యవంశం వాళ్ళు ఏలిన ఊరు అది. ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళ వైపు నుంచి ఎవరైనా నవల రాస్తే రాత్రంతా కూర్చుని చదువుతాను.

వడ్డాది మనవరాలు:
ఇది చదువుతుంటే గొంతు పట్టుకుంది. నాన్నతో ఇప్పుడే మాట్లాడాను. తాతయ్య ‘అవుల’ అనేవారు కాదట, ‘అవల నా పొట్నూర’ అనేవారట. నాన్నకి ఆ మాట బాగా గుర్తు. దాంతో రవులు, రగులు సంగతి మారుతుందా?

ఛందోప్రియ:
మారదు. ప్రాసయతికి హల్లు కలిస్తే చాలు, వకారం రెండు చోట్లా ఉంది, రవులే నిలుస్తుంది. కానీ ‘అవల’ పాఠం నేనెక్కడా చూడలేదు. తాతయ్యగారి ప్రతి ఏ ముద్రణ? వ్యాఖ్య ఉన్నదా, మూలం ఒక్కటేనా? ఉంటే ఆ పుట ఫొటో పెట్టండి.

వడ్డాది మనవరాలు:
వడ్డాదిలో అటక మీద ట్రంకుపెట్టెలో ఉందట. ఆదివారం పొద్దున బస్సుకి వెళ్తున్నాను. అన్నట్టు, మాడెములు ఏ ఊరో ఎవరూ చెప్పలేదు.

కంచరపాలెం పిన్ని:
వెళ్ళేదానివి మాడుగుల దాకా వెళ్ళి అక్కడి పెద్దవాళ్ళని అడుగు తల్లీ. వచ్చేటప్పుడు హల్వా తే.