కొవ్వొత్తి మధ్యలో గుంట పడుతోంది, సబ్బు కోస్తుంటే పొడిగా రాలుతోంది: కారణం ఏమిటి?

ప్రశ్న (నేర్చుకుంటున్నాను)

అందరికీ నమస్కారం. ఇంట్లో సబ్బులు, కొవ్వొత్తులు తయారు చేయడం ఈమధ్యనే మొదలుపెట్టాను. రెండింటిలోనూ ఒక్కొక్క సమస్య వచ్చింది కాబట్టి, నేను అనుసరించిన పద్ధతిని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

సబ్బుకు కొబ్బరి నూనె 300, ఆలివ్ నూనె 200 తీసుకున్నాను. అయిదు శాతం నూనె మిగిలేలా లెక్క కట్టుకుని సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా అనే ఘాటైన క్షారం) 78 గ్రాములు, నీళ్లు 160 గ్రాములు వాడాను. నూనెలను గీతలున్న కొలపాత్రతో మిల్లీలీటర్లలో కొలిచాను. సోడాను, నీళ్లను మాత్రం త్రాసు మీద తూచాను. చేతి బ్లెండర్‌తో చిక్కబడేదాకా కలిపి అచ్చులో పోశాను. రెండు రోజుల తరువాత కోస్తుంటే ముక్కలు అంచుల దగ్గర పొడిపొడిగా రాలిపోయాయి. లోపల అక్కడక్కడా సుద్దలాంటి తెల్లని మచ్చలున్నాయి, పైన కూడా పల్చని తెల్లని పొర కట్టింది. దీన్ని కొన్ని వారాలు ఆరబెడితే వాడుకోవచ్చా?

కొవ్వొత్తి సోయా మైనంతో చేసినది. ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పున్న గాజు గ్లాసులో పోసి, రోజూ సాయంత్రం గంటసేపు వెలిగిస్తున్నాను. వత్తి చుట్టూ మాత్రమే మైనం కరిగి మంట లోపలికి దిగిపోతోంది, గోడలకు వేలి మందాన మైనం అలాగే మిగిలిపోతోంది. సువాసన నూనె కలిపినా వాసన అంతంతమాత్రంగానే వస్తోంది.

సమాధానం 1 (సబ్బుల పని)

మీరు కట్టిన లెక్కలో తప్పు లేదు. తప్పంతా కొలపాత్ర దగ్గర జరిగింది. సబ్బు లెక్కలన్నీ బరువు మీదే నడుస్తాయి. నూనె నీటికన్నా తేలిక కాబట్టి, మిల్లీలీటరు నూనె సుమారు 0.92 గ్రాములే తూగుతుంది. అంటే మీరు 300 అనుకున్న కొబ్బరి నూనె నిజానికి 276 గ్రాములు, 200 అనుకున్న ఆలివ్ నూనె దాదాపు 183 గ్రాములు. మొత్తం మీద 41 గ్రాముల నూనె తక్కువ పడింది.

దీని ఫలితం ఎంత ఉంటుందో చూడండి. ఒక గ్రాము కొబ్బరి నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి దాదాపు 0.183 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ కావాలి, ఆలివ్ నూనెకైతే 0.135 గ్రాములు చాలు. ఆ లెక్కన మీ అచ్చులో పడిన నూనెకు 75 గ్రాముల సోడా సరిపోతుంది. మీరు వేసింది 78. చర్మానికి మెత్తదనం కోసం మిగలాల్సిన అయిదు శాతం నూనె పూర్తిగా ఖర్చయిపోగా, ఇంకా రెండు మూడు గ్రాముల క్షారం కలవడానికి నూనె దొరకక మిగిలిపోయింది. పొడిగా రాలడానికీ, లోపలి తెల్లని మచ్చలకూ ఇదే కారణమై ఉంటుందని నా అభిప్రాయం.

ఆరబెట్టినంత మాత్రాన ఈ సబ్బు బాగుపడుతుందని నమ్మవద్దు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టేది నీరు ఆవిరై సబ్బు గట్టిపడడానికి, తక్కువ పడిన నూనె ఆ వారాల్లో ఎక్కడినుంచీ రాదు. దయచేసి దీన్ని ఒంటికి వాడకండి.

పైన కట్టిన పొర వేరే విషయం. ఇంకా కలవని క్షారం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సోడియం కార్బనేట్‌గా మారినప్పుడు అలాంటి బూడిద లాంటి పొర ఏర్పడుతుంది. కొలతలు సరిగ్గా ఉన్న సబ్బుకు కూడా అది వస్తుంది. మొదటి రోజు అచ్చును గాలి తగలకుండా మూసి ఉంచితే చాలావరకు తగ్గుతుంది.

సమాధానం 2 (వత్తి వెలుగు)

కొవ్వొత్తి గురించి రాస్తాను. వత్తి సన్నగా ఉందేమోనని చాలామంది వెంటనే దాన్ని మార్చేస్తారు గాని, మీ విషయంలో ముందు చూడవలసింది వెలిగించే సమయం. గ్లాసు వెడల్పు ప్రతి రెండున్నర సెంటీమీటర్లకు సుమారు ఒక గంట చొప్పున మొదటిసారి వెలగనివ్వాలని పాటించే లెక్క ఒకటుంది. ఎనిమిది సెంటీమీటర్ల గ్లాసుకు మూడు గంటలకు పైనే పడుతుంది. మీరు గంటకే ఆర్పేస్తున్నారు కాబట్టి కరిగిన మైనం గోడదాకా చేరేలోపే గడ్డకడుతోంది, మరుసటి రోజు మంట ఆ చిన్న వలయంలోనే మళ్లీ కరిగిస్తూ కిందికి దిగుతోంది.

ఇప్పుడున్న కొవ్వొత్తిని పారేయనవసరం లేదు. గ్లాసు అంచు చుట్టూ అల్యూమినియం రేకును గొడుగులా కప్పి, మధ్యలో మంటకు గాలి అందేంత ఖాళీ ఉంచి వెలిగిస్తే, వేడి లోపలే నిలిచి గోడల మైనం కరుగుతుంది. పైభాగం మొత్తం సమతలమయ్యేదాకా దగ్గరే ఉండి గమనించండి. రేకు బాగా వేడెక్కి ఉంటుంది, చేత్తో తీయకండి.

తరువాత చేసే కొవ్వొత్తిలో వత్తిని ఆరు మిల్లీమీటర్లకు కత్తిరించి, మూడు నాలుగు గంటలు ఆపకుండా వెలిగించి చూడండి. అప్పటికీ గోడల వెంట మందంగా మైనం మిగిలితే వత్తి సన్నదని నిశ్చయంగా చెప్పవచ్చు, దాని పై సైజు తీసుకోండి. మంట రెపరెపలాడుతూ మసి వదులుతున్నా, వత్తి కొసన నల్లని గుండు కడుతున్నా వత్తి లావైనట్టు. రంగు, మైనం, సువాసన, గ్లాసు వెడల్పు వీటిలో ఏది మారినా వత్తిని మళ్లీ పరీక్షించుకోవాలి. అందుకే ఒకసారికి ఒక్కదాన్నే మార్చమని గట్టిగా చెబుతాను. రెండు మారిస్తే ఏది పనిచేసిందో ఎన్నటికీ తెలియదు.

వాసన తక్కువగా రావడానికి కూడా ఈ గుంటే చాలావరకు కారణం. కరిగిన మైనం ఉపరితలం ఎంత విశాలంగా ఉంటే సువాసన అంతగా గాలిలోకి వెళుతుంది. పైగా సోయా మైనానికి పోసిన తరువాత ఒకటి రెండు వారాల విశ్రాంతి ఇస్తే వాసన మెరుగుపడుతుంది. మీరు కలిపినది కొవ్వొత్తుల కోసం తయారైన నూనేనా, బట్టల మీద చల్లుకునే సెంటా? సెంటులో ఎక్కువ భాగం ఆల్కహాల్ ఉంటుంది. అది మైనంలో కలవదు, వేడికి అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

సమాధానం 3 (రసాయనం మాస్టారు)

సబ్బుల పని గారి లెక్కతో ఏకీభవిస్తున్నాను. అయితే పొడిగా రాలడానికి అదొక్కటే కారణమని తేల్చలేం. మీ నూనెలో అరవై శాతం కొబ్బరి నూనె. అది త్వరగా, గట్టిగా బిగుస్తుంది, కోయడం ఆలస్యమైతే సరైన సబ్బు కూడా అంచుల్లో పెళుసుగా విరుగుతుంది. ఇలాంటి మిశ్రమాన్ని గట్టిపడగానే, వీలైతే ఒక రోజు లోపలే కోయడం మంచిది. సోడా నీళ్లు పూర్తిగా తేటగా అయ్యాకనే నూనెలో పోశారా అన్నది కూడా చెప్పండి. కరగని గుళికలు మిగిలిపోయినా తెల్లని మచ్చలు వస్తాయి, అవి అచ్చమైన క్షారం.

సబ్బును నాలుక కొసకు తాకించి చురుక్కుమంటే క్షారం ఎక్కువైందని తెలుసుకునే అలవాటు కొందరికి ఉంది. మచ్చలు కంటికి కనబడుతున్న సబ్బుకు ఆ పరీక్ష చేయకండి, చేతితొడుగులు లేకుండా ముట్టుకోకండి. క్షారగుణం ఎంతుందో రంగుతో చూపే పిహెచ్ కాగితం మీద కూడా పూర్తిగా ఆధారపడలేం, ఎందుకంటే మంచి సబ్బుకే పిహెచ్ తొమ్మిది, పది మధ్య ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. సోడా నీళ్లు తేటగా అయ్యేదాకా ఆగాను. సువాసన నూనె కొవ్వొత్తులకని అమ్మేదే. తక్కువ పడిన 41 గ్రాముల నూనెను ఇప్పుడు కలిపి ఈ సబ్బును సరిచేయవచ్చా?

సమాధానం 4 (సబ్బుల పని)

చేయవచ్చు. రాలిన పొడితో సహా మొత్తం సబ్బును తురమండి. కొంత వదిలేస్తే లెక్క తప్పుతుంది. తురిమేటప్పుడు కళ్లద్దాలు, చేతితొడుగులు, ముక్కుకు అడ్డుగా మాస్కు ఉండాలి, ఆ పొడి గొంతులోకి వెళితే మండుతుంది. స్టీలు పాత్రలో వేసి, కొబ్బరి నూనె 24 గ్రాములు, ఆలివ్ నూనె 17 గ్రాములు ఈసారి తూచి కలపండి. అల్యూమినియం పాత్ర వద్దు, క్షారం దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. రెండు మూడు చెంచాల నీళ్లు చల్లి, మూతపెట్టి, అడుగున మరుగుతున్న నీళ్ల మీద సన్నని సెగన ఉంచండి. అప్పుడప్పుడూ కలుపుతూ ఉంటే గంట, రెండు గంటల్లో ముద్దగా, కాస్త పారదర్శకంగా మారుతుంది. తెల్లని గుళికలు ఎక్కడా కనబడకపోతే అచ్చులో ఒత్తి నింపి, మళ్లీ నాలుగు వారాలు ఆరనివ్వండి.

చూడడానికి మొదటిసారి పోసిన సబ్బంత నునుపుగా రాదు, గరుకుగానే ఉంటుంది. సగటు మీద నూనె సరిపోయినా అంతటా సమంగా కలిసిందన్న నమ్మకం మీకు కుదరకపోతే, దాన్ని గిన్నెలకు, నేల తుడవడానికి ఉంచుకుని, ఒంటి సబ్బును కొత్తగా తూచి మొదలుపెట్టండి. అప్పుడు కొబ్బరి నూనెను మొత్తంలో మూడో వంతుకు తగ్గించండి. ఆ మార్పుకు సోడాను కూడా కొత్తగా లెక్క కట్టాలి, 78 గ్రాములే వేయకూడదు.